మట్‌ను సోర్సు నుంచి బిల్డ్ చేసుకోవడం: మొదటి ఆదేశం నుంచి మొదటి ఉత్తరం దాకా

"మట్ బిల్డ్ చేశాను, ఎర్రర్ ఒక్కటీ రాలేదు, అయినా ఇన్‌బాక్స్ తెరుచుకోవడం లేదు." టెర్మినల్‌లో నడిచే మట్ అనే ఈమెయిల్ ప్రోగ్రాము గురించి ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. మొదటిసారి నాకూ ఇదే జరిగింది. ఒక సాయంత్రమంతా పాస్‌వర్డ్‌ను అనుమానిస్తూ మళ్ళీ మళ్ళీ టైప్ చేశాను. తీరా చూస్తే నేను తయారు చేసుకున్న మట్‌కు ఐమ్యాప్ (సర్వర్‌లోని ఉత్తరాలను చదివే పద్ధతి) అంటే ఏమిటో తెలియదు. ఆ ఆప్షన్ ఇవ్వడం నేనే మరిచిపోయాను.

అందుకే ఈ మార్గదర్శిలో కంపైల్ చేయడం (సోర్సును నడిచే ప్రోగ్రాముగా మార్చడం) గురించి తక్కువగా, దానికి ముందూ తర్వాతా చేయవలసిన పనుల గురించి ఎక్కువగా రాశాను. ఆదేశాలన్నీ డెబియన్, ఉబుంటులకు సరిపోతాయి. ఫెడోరా వాడేవారికి తేడా ఉన్నచోట చెప్పాను.

ఆదేశాలను చదవడానికి వీలుగా తెలుగు లిపిలోనే ఇచ్చాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైప్ చేయాలి. హైఫన్లు, చుక్కలు, ఏటవాలు గీతలు, ఖాళీలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టే ఉండాలి.

1. అసలు బిల్డ్ చేయడం అవసరమా?

చాలామందికి అవసరం లేదు. "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ మట్" అంటే నిమిషంలో పని అయిపోతుంది, దానితో తృప్తిపడవచ్చు. సోర్సు జోలికి వెళ్ళడానికి సరైన కారణాలు మూడే కనిపిస్తాయి.

- మీ సిస్టమ్‌లో ఉన్న మట్ బాగా పాతది, మీకు కావలసిన సౌకర్యం కొత్తదానిలోనే ఉంది.
- కాలేజీ ల్యాబ్‌లోనో ఆఫీసు సర్వర్‌లోనో మీకు రూట్ (సిస్టమ్ మొత్తం మీద) అధికారం లేదు, మీ హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకోవాలి.
- ఏ సౌకర్యం ఉండాలో, ఏది ఉండకూడదో మీరే నిర్ణయించుకోవాలని ఉంది.

రెండో కారణం గలవారికి ఒక హెచ్చరిక. కింద చెప్పే డెవ్ ప్యాకేజీలు ఆ సర్వర్‌లో లేకపోతే వాటిని పెట్టమని అడ్మిన్‌ను అడగడమే తేలిక దారి. లైబ్రరీలను కూడా ఒక్కొక్కటిగా హోమ్‌లో బిల్డ్ చేసుకోవచ్చు కానీ, అది గంటలో తేలే పని కాదు.

2. సరంజామా సమకూర్చుకోవడం

కంపైలర్, మేక్ (బిల్డ్ పనులను వరుసగా నడిపే సాధనం) రెండూ "బిల్డ్-ఎసెన్షియల్" అనే ఒక్క ప్యాకేజీతో వస్తాయి. మిగిలినవి లైబ్రరీలు. ఏది ఎందుకో తెలుసుకుంటే ఎర్రర్ వచ్చినప్పుడు ఎక్కడ చూడాలో తెలుస్తుంది.

- లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్: తెర మీద అక్షరాలు గీయడానికి. ఇది లేకపోతే కాన్ఫిగర్ (బిల్డ్‌కు ముందు సిస్టమ్‌ను పరీక్షించి సిద్ధం చేసే స్క్రిప్టు) ముందుకే సాగదు.
- లిబ్‌ఎస్ఎస్ఎల్-డెవ్: సర్వర్‌తో గుప్తంగా మాట్లాడడానికి.
- లిబ్‌సాస్ల్2-డెవ్, లిబ్‌సాస్ల్2-మాడ్యూల్స్: లాగిన్ పద్ధతుల కోసం.
- లిబ్‌ఎల్‌ఎండిబి-డెవ్: హెడర్లను (పంపినవారు, సబ్జెక్టు వంటి వివరాలను) దాచిపెట్టుకునే క్యాష్ కోసం.
- లిబ్‌ఐడిఎన్2-డెవ్: ఇంగ్లీషు కాని డొమైన్ పేర్ల కోసం.
- లిబ్‌జీపీజీఎంఈ-డెవ్: ఉత్తరాలకు సంతకం, గుప్తీకరణ కావాలంటేనే.

వీటన్నిటినీ "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్" తర్వాత వరుసగా రాసి ఒకేసారి పెట్టుకోవచ్చు.

మూడో వరుసలోని రెండు పేర్లూ చూడబోతే ఒకటే అనిపిస్తాయి. చివర "డెవ్" ఉన్నది బిల్డ్ సమయంలో కావాలి, "మాడ్యూల్స్" అన్నది మట్ నడిచేటప్పుడు కావాలి. రెండోది మరిచిపోతే బిల్డ్ చక్కగా అవుతుంది. ఉత్తరం పంపబోయినప్పుడు మాత్రం లాగిన్ పద్ధతి ఏదీ అందుబాటులో లేదని మట్ మొరాయిస్తుంది.

ఫెడోరాలో "డెవ్" బదులు "డెవెల్" అని ఉంటుంది, చాలా పేర్లకు మొదటి "లిబ్" ఉండదు. ఎస్ఎస్ఎల్ లైబ్రరీ అక్కడ ఓపెన్ఎస్ఎస్ఎల్-డెవెల్. సాస్ల్ లైబ్రరీ పేరు అక్కడ సైరస్-సాస్ల్-డెవెల్. మాడ్యూల్స్ స్థానంలో సైరస్-సాస్ల్-ప్లెయిన్ పెట్టుకోవాలి.

3. సోర్సు తెచ్చుకోవడం

గిట్ (సోర్సు మార్పులను భద్రపరిచే వ్యవస్థ) నుంచి కాకుండా, విడుదలైన టార్ ఫైలునే (సోర్సు ఫైళ్ళన్నీ ఒకే మూటగా కట్టినది) దించుకోండి. గిట్‌లో ఉన్నదానికి కాన్ఫిగర్ స్క్రిప్టు తయారై ఉండదు. ముందు "ప్రిపేర్" అనే స్క్రిప్టు నడపాలి, దానికి ఆటోకాన్ఫ్, ఆటోమేక్ కావాలి, మాన్యువల్ తయారీకి మరికొన్ని కావాలి. టార్ ఫైలులో ఇవన్నీ ముందే చేసి పెట్టి ఉంటాయి.

మట్ అధికారిక సైట్‌లోని డౌన్‌లోడ్ పేజీలో టార్ ఫైలుతో పాటు, అదే పేరు చివర ".ఏఎస్‌సీ" ఉన్న చిన్న సంతకం ఫైలు ఉంటుంది. రెండూ దించుకుని, జీపీజీ అనే సంతకం, గుప్తీకరణ సాధనంతో పరీక్షించండి: "జీపీజీ --వెరిఫై" తర్వాత సంతకం ఫైలు పేరు ఇవ్వండి. మొదటిసారి "పబ్లిక్ కీ లేదు" అనే అర్థం వచ్చే మాట కనిపిస్తే కంగారు పడకండి. మీ దగ్గర విడుదలకర్త కీ లేదని మాత్రమే దాని అర్థం, ఫైలు పాడైందని కాదు. కీ తెచ్చుకుని మళ్ళీ పరీక్షించాలి.

తర్వాత "టార్ ఎక్స్ఎఫ్" ఆదేశంతో విప్పి, ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళండి.

ఫోల్డర్ పేర్లలో ఖాళీలు ఉండకూడదు. "నా సాఫ్ట్‌వేర్" లాంటి ఫోల్డర్ లోపల విప్పితే బిల్డ్‌లో ఇబ్బందులు రావచ్చు. హోమ్‌లో "ఎస్ఆర్‌సీ" అని ఒక ఫోల్డర్ పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు.

4. కాన్ఫిగర్: అసలు పనంతా ఇక్కడే

మట్ తనంతట తాను ఏమీ ఊహించుకోదు. ఆప్షన్లు లేకుండా కాన్ఫిగర్ నడిపితే ఐమ్యాప్ లేని, ఎస్ఎంటీపీ (ఉత్తరాలు పంపే పద్ధతి) లేని, ఎస్ఎస్ఎల్ (సర్వర్‌తో గుప్తంగా మాట్లాడే పద్ధతి) లేని మట్ తయారవుతుంది. అది ఆ కంప్యూటర్‌లోనే ఉన్న మెయిల్ ఫైళ్ళను చదవగలదు, అంతే. జీమెయిల్ లాంటి ఖాతాకు అది ఎందుకూ కొరగాదు.

కాబట్టి ఏమేం కావాలో మనమే చెప్పాలి. హోమ్ ఫోల్డర్‌లో పెట్టుకునేవారికి నేను ఇచ్చే ఆదేశం ఇది. ఒకే వరుసలో టైప్ చేయాలి:

./కాన్ఫిగర్ --ప్రిఫిక్స్=$హోమ్/.లోకల్ --ఎనేబుల్-ఐమ్యాప్ --ఎనేబుల్-ఎస్ఎంటీపీ --ఎనేబుల్-హెచ్‌క్యాష్ --ఎనేబుల్-సైడ్‌బార్ --విత్-ఎస్ఎస్ఎల్ --విత్-సాస్ల్ --విత్-ఎల్‌ఎండిబి --విత్-హోమ్‌స్పూల్

చిన్న అక్షరాల నియమానికి ఇక్కడ ఒక్క మినహాయింపు ఉంది. డాలర్ గుర్తు తర్వాతి "హోమ్" పెద్ద అక్షరాల్లో ఉండాలి. జీపీజీ కావాలనుకునేవారు "--ఎనేబుల్-జీపీజీఎంఈ" కూడా చేర్చుకోండి.

"ఎనేబుల్", "విత్" ఎక్కడ ఏది వాడాలన్నది చాలామందిని తికమక పెడుతుంది. మట్ తనలోనే ఉన్న సౌకర్యానికి "ఎనేబుల్", బయటి లైబ్రరీ కావలసినదానికి "విత్" అని గుర్తుంచుకుంటే చాలావరకు సరిపోతుంది. ఐమ్యాప్ మట్ సొంతం, అందుకే ఎనేబుల్. ఎస్ఎస్ఎల్ బయటిది, అందుకే విత్.

ఈ రెండూ తారుమారైతే కాన్ఫిగర్ ఆగదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. "--ఎనేబుల్-ఎస్ఎస్ఎల్" అని ఇచ్చారనుకోండి. గుర్తు తెలియని ఆప్షన్ అని ఒక్క వరుస హెచ్చరిక వేసి, మిగతా పనంతా చేసుకుపోతుంది. ఆ వరుస మొదట్లో ఒకసారి, చివర ఒకసారి కనిపిస్తుంది. మధ్యలో వందల వరుసలు పరుగెడుతుంటాయి కనుక మన కన్ను దాని మీద పడదు. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తప్పినా జరిగేది ఇదే.

అందుకని కాన్ఫిగర్ ముగిశాక తెర మీద చివరి పది వరుసలను నిదానంగా చదవండి. హెచ్చరిక ఉంటే సరిదిద్దుకుని మళ్ళీ నడపండి. ఈ రెండు నిమిషాల ఓపిక ఉంటే నాలా సాయంత్రం పోగొట్టుకోనక్కరలేదు.

చివరి ఆప్షన్ "హోమ్‌స్పూల్" ఎందుకో కూడా చెప్పాలి. డెబియన్‌లో అందరి మెయిల్ పెట్టెలు ఉండే ఫోల్డర్‌లో రాయడానికి "మెయిల్" అనే గ్రూపుకు అనుమతి ఉంటుంది. అది గమనించిన మట్, తాళం వేయడానికి "మట్_డాట్‌లాక్" అనే చిన్న ప్రోగ్రామును కూడా తయారు చేస్తుంది. ఇన్‌స్టాల్ సమయంలో దాన్ని ఆ గ్రూపుకు అప్పగించబోతుంది. మామూలు యూజర్‌కు ఆ అధికారం ఉండదు కనుక ఇన్‌స్టాల్ మధ్యలో ఆగిపోతుంది. మన ఉత్తరాలు ఐమ్యాప్ ద్వారా వస్తాయి కాబట్టి ఆ పెట్టెతో మనకు పని లేదు. హోమ్‌స్పూల్ అంటే ఆ తంటా తప్పుతుంది.

సిస్టమ్ మొత్తానికి రూట్ అధికారంతో పెట్టేవారు ప్రిఫిక్స్, హోమ్‌స్పూల్ రెండూ వదిలేయవచ్చు. అప్పుడు అది "/యూఎస్ఆర్/లోకల్" కింద చేరుతుంది.

మేక్‌కు వెళ్ళేముందు సరిచూసుకోండి:

- చివరి వరుసల్లో గుర్తు తెలియని ఆప్షన్ హెచ్చరిక లేదు.
- మేక్‌ఫైల్ తయారైంది.
- వాడిన ఆదేశాన్ని ఒక చిన్న ఫైలులో రాసి పెట్టుకున్నారు. ఆరు నెలల తర్వాత ఇది కావలసి వస్తుంది.

5. మేక్, ఇన్‌స్టాల్

ముందు "మేక్ -జే4", తర్వాత "మేక్ ఇన్‌స్టాల్". అంకె మీ ప్రాసెసర్ కోర్లను బట్టి ఉంటుంది. మట్ చిన్న ప్రోగ్రామే కనుక ఈ కాలపు యంత్రాల మీద టీ చల్లారేలోపే అయిపోతుంది.

హోమ్‌లో పెట్టుకునేవారు ఈ రెండు ఆదేశాల ముందూ సుడో వాడకండి. వాడితే మీ హోమ్ ఫోల్డర్‌లోనే రూట్ పేరిట ఫైళ్ళు పడతాయి. తర్వాత వాటిని మార్చడం, తొలగించడం మీకే చిక్కవుతుంది. సిస్టమ్ మొత్తానికి పెట్టేవారికి కూడా సుడో ఇన్‌స్టాల్ దగ్గరే కావాలి, కాన్ఫిగర్‌కూ మేక్‌కూ అక్కరలేదు.

6. ప్లస్సులు, మైనస్సులు చదవడం

ఇప్పుడు "మట్ -వీ" అని కొట్టండి. అంతకుముందు "టైప్ -ఏ మట్" అని చూడండి. పాత మట్ కూడా సిస్టమ్‌లో ఉంటే రెండు దారులు కనిపిస్తాయి, వాటిలో మొదటిది నడుస్తుంది. హోమ్‌లోని ".లోకల్/బిన్" మొదట రాకపోతే ఒకసారి లాగవుట్ అయి మళ్ళీ లాగిన్ కండి. డెబియన్, ఉబుంటులలో ఆ ఫోల్డర్ ఉంటే లాగిన్ సమయంలో దానంతట అదే దారిలో (ఆదేశాలను వెతికే ఫోల్డర్ల జాబితాలో) చేరుతుంది.

"మట్ -వీ" ఒక పేజీకి మించి చూపిస్తుంది. మీరు ఇచ్చిన కాన్ఫిగర్ ఆప్షన్లు ఒక వరుసలో ఉన్నవి ఉన్నట్టు ఉంటాయి. దాని కింద సౌకర్యాల పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. ప్రతి పేరు ముందు ప్లస్సో మైనస్సో ఉంటుంది. ప్లస్ అంటే ఉన్నట్టు, మైనస్ అంటే లేనట్టు.

ఈ పేర్ల ముందు ప్లస్ ఉండి తీరాలి:

- యూజ్_ఐమ్యాప్
- యూజ్_ఎస్ఎంటీపీ
- యూజ్_ఎస్ఎస్ఎల్_ఓపెన్ఎస్ఎస్ఎల్
- యూజ్_సాస్ల్
- యూజ్_హెచ్‌క్యాష్

పక్కనే ఉండే యూజ్_ఎస్ఎస్ఎల్_గ్నూటీఎల్ఎస్ ముందు మైనస్ ఉంటుంది, అది తప్పు కాదు. ఓపెన్ఎస్ఎస్ఎల్, గ్నూటీఎల్ఎస్‌లలో ఒకటి ఉంటే చాలు.

ఈ అయిదింటిలో ఒక్కదాని ముందు మైనస్ ఉన్నా ముందుకు వెళ్ళకండి. "మేక్ క్లీన్" అని కొట్టి నాలుగో అంచెకు తిరిగి రండి. ఈ పరీక్ష దాటకుండా సెట్టింగులతో కుస్తీ పట్టడం వృథా శ్రమ.

7. ఖాతా కలపడం

జీమెయిల్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. మీ మామూలు పాస్‌వర్డ్ ఇక్కడ పనిచేయదు. ఖాతాలో రెండంచెల ధృవీకరణ పెట్టుకుని, యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. అది 16 అక్షరాలు. తెర మీద నాలుగేసి అక్షరాల ముక్కలుగా చూపిస్తుంది, మీరు ఖాళీలు లేకుండా రాసుకోండి.

హోమ్‌లో ".మట్" అనే ఫోల్డర్, దానిలో "క్యాష్" అనే మరో ఫోల్డర్ చేయండి. క్యాష్ ఫోల్డర్ ముందే ఉండడం ముఖ్యం. లేకపోతే ఆ పేరుతో ఫోల్డర్ బదులు ఒకే ఫైలు తయారవుతుంది. తర్వాత ".మట్" లోపల "మట్‌ఆర్‌సీ" అనే ఫైలు తెరిచి, ఒక్కో వరుసను "సెట్"తో మొదలుపెట్టి ఈ విలువలు ఇవ్వండి:

- ఫ్రమ్: మీ మెయిల్ చిరునామా
- రియల్‌నేమ్: మీ పేరు (తెలుగులో రాసినా ఇబ్బంది లేదు)
- ఐమ్యాప్_యూజర్: పూర్తి చిరునామా
- ఫోల్డర్: ఐమ్యాప్స్://ఐమ్యాప్.జీమెయిల్.కామ్:993/
- స్పూల్‌ఫైల్: +ఇన్‌బాక్స్ (పెద్ద అక్షరాల్లో)
- ఎస్ఎంటీపీ_యూఆర్ఎల్: ఎస్ఎంటీపీఎస్://మీపేరు@ఎస్ఎంటీపీ.జీమెయిల్.కామ్:465/
- హెడర్_క్యాష్: ~/.మట్/క్యాష్
- రికార్డ్: ఖాళీ కోట్ గుర్తులు

"మీపేరు" ఉన్నచోట మీ చిరునామాలో @ గుర్తుకు ముందున్న భాగం రాయాలి. రికార్డ్‌ను ఖాళీగా ఉంచమన్నది ఎందుకంటే, పంపిన ఉత్తరం నకలును జీమెయిల్ తానే దాచుకుంటుంది. మట్ కూడా దాచితే ప్రతి ఉత్తరం రెండుసార్లు కనిపిస్తుంది.

యాప్ పాస్‌వర్డ్‌ను ఈ ఫైలులో రాయకండి. ఆ రెండు వరుసలనూ, అంటే ఐమ్యాప్_పాస్, ఎస్ఎంటీపీ_పాస్, వేరే ఫైలులో పెట్టి జీపీజీతో గుప్తీకరించండి. తర్వాత మామూలు ఫైలును తుడిచేయండి. మట్‌ఆర్‌సీలో ఈ వరుస చేర్చండి:

సోర్స్ "జీపీజీ -డీక్యూ ~/.మట్/పాస్.జీపీజీ |"

చివరనున్న నిలువు గీత మరిచిపోవద్దు. అది ఉంటేనే మట్ దీన్ని ఆదేశంగా నడుపుతుంది, లేకపోతే ఫైలు పేరనుకుంటుంది.

జీమెయిల్‌ను తెలుగులో వాడేవారికి మరో మాట. ఖాతా భాష మారితే డ్రాఫ్ట్స్ వంటి ఫోల్డర్ల పేర్లు ఐమ్యాప్‌లో కూడా మారతాయి. ఇంగ్లీషు ఖాతాల కోసం రాసిన ఫోల్డర్ పేర్లు మీకు దొరక్కపోవచ్చు. మట్‌లో "సీ" నొక్కి, తర్వాత ప్రశ్న గుర్తు నొక్కితే అసలు పేర్ల జాబితా వస్తుంది, అక్కడున్నట్టే రాసుకోండి.

పాస్‌వర్డ్ లాగిన్‌ను ఒప్పుకోని ఆఫీసు ఖాతాలకు, పాస్‌వర్డ్ బదులు టోకెన్ వాడే ఓఆత్ పద్ధతి కావాలి. దానికి సాయపడే పైథాన్ స్క్రిప్టు, సోర్సులోని "కాంట్రిబ్" ఫోల్డర్‌లో ఉంది. అది వేరే కథ, ఇక్కడ మొదలుపెట్టను.

8. తెలుగు సరిగ్గా కనిపించాలంటే

ముందు "లొకేల్" (సిస్టమ్ భాష, అక్షర సంకేతాల అమరిక) అని కొట్టి చూడండి. యూటీఎఫ్-8 అన్న మాట కనిపించాలి. అక్కడ "సీ" అని మాత్రమే ఉంటే తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్న గుర్తులు వస్తాయి. చాలామంది దీన్ని మట్‌ఆర్‌సీలో "చార్‌సెట్" మార్చి సరిచేయబోతారు. అది పైపూత మాత్రమే. సిస్టమ్ లొకేల్‌ను సరిచేయండి, మట్ దాన్నే అనుసరిస్తుంది. తర్వాత నోటో సాన్స్ తెలుగు వంటి ఫాంటు పెట్టుకోండి.

ఇప్పుడు "స్త్రీ" అనే మాటను సబ్జెక్టుగా పెట్టి మీకు మీరే ఒక ఉత్తరం పంపుకోండి. "ఎమ్" నొక్కితే కొత్త ఉత్తరం, ఎడిటర్ మూసాక "వై" నొక్కితే పంపడం. ఈ మాటే ఎందుకంటే, మన కంటికి ఒకే అక్షరమైన దానిలో కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు ఉన్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. టెర్మినల్ తెరను సమానమైన గళ్ళుగా లెక్కపెడుతుంది. ఈ ఆరింటికి ఎన్ని గళ్ళు ఇవ్వాలన్న దగ్గర మట్ లెక్క, టెర్మినల్ లెక్క వేరైతే వత్తులు విడిపోతాయి, లేదా వరుసలో తర్వాతి మాటలు పక్కకు జరుగుతాయి.

అదే ఉత్తరాన్ని ఫోనులో తెరవండి. అక్కడ సరిగ్గా ఉంటే మీ మట్ బాగున్నట్టే, గీయడంలో తప్పు టెర్మినల్‌ది. ఎన్నిసార్లు తిరిగి బిల్డ్ చేసినా అది మారదు. కాన్సోల్, ఎంఎల్‌టర్మ్ వంటి వేరే టెర్మినళ్ళలో చూడండి. భారతీయ లిపులను కూడా మనసులో పెట్టుకుని చేసినది ఎంఎల్‌టర్మ్. ఏదీ నూటికి నూరుపాళ్ళు కుదురుతుందని మాత్రం ఆశపెట్టుకోవద్దు.

9. తరచూ వచ్చే తప్పులు

*కర్సెస్ లైబ్రరీ దొరకలేదంటూ కాన్ఫిగర్ ఆగింది.* లిబ్‌ఎన్‌కర్సెస్ ఉండవచ్చు కానీ దాని "డెవ్" ప్యాకేజీ లేదు. పెట్టుకుని మళ్ళీ నడపండి.

*కొత్తగా తయారైన ఫైలు పాతదిగా కనిపిస్తోందని ఆగింది.* కంప్యూటర్ గడియారం వెనకబడి ఉంది. తేదీ సరిచేయండి. వర్చువల్ యంత్రాలలో ఇది తరచుగా జరుగుతుంది.

*ఎస్ఎస్ఎల్ అందుబాటులో లేదంటోంది.* ఆరో అంచె దాటవేశారు. ప్లస్సులు చూడండి.

*సర్టిఫికెట్‌ను ఒప్పుకోవాలా అని ప్రతిసారీ అడుగుతోంది.* విసుగుతో "ఎప్పటికీ ఒప్పుకో" నొక్కకండి. సీఏ-సర్టిఫికెట్స్ అనే ప్యాకేజీ ఉందో లేదో, తేదీ సరిగ్గా ఉందో లేదో ముందు చూడండి.

*ఉత్తరాలు వస్తున్నాయి, వెళ్ళడం లేదు.* సాస్ల్ మాడ్యూల్స్ ప్యాకేజీ చూడండి. అది ఉంటే ఎస్ఎంటీపీ చిరునామాలో పోర్టు చూడండి. 465కు "ఎస్ఎంటీపీఎస్", 587కు చివరి "ఎస్" లేని "ఎస్ఎంటీపీ" వాడాలి.

*ఏమీ అంతుపట్టడం లేదు.* "--ఎనేబుల్-డీబగ్" చేర్చి మళ్ళీ బిల్డ్ చేసి, "మట్ -డీ 2" అని నడపండి. హోమ్‌లో ".మట్‌డీబగ్0" అనే ఫైలు తయారవుతుంది. సర్వర్‌తో జరిగిన సంభాషణ దానిలో ఉంటుంది. సాయం అడుగుతూ ఎవరికైనా పంపేముందు మీ సొంత వివరాలు తీసేయండి.

10. కొత్త వెర్షన్, తొలగింపు

కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత ఫోల్డర్ మీదే విప్పకండి. వేరుగా విప్పి, రాసి పెట్టుకున్న ఆదేశాన్నే వాడండి. రాసుకోకపోతే "మట్ -వీ" దగ్గరకు వెళ్ళండి, కాన్ఫిగర్ ఆప్షన్ల వరుస అక్కడ ఉంటుంది.

తొలగించాలంటే సోర్సు ఫోల్డర్ నుంచి "మేక్ అన్‌ఇన్‌స్టాల్" చాలు. దీనికోసమైనా ఆ ఫోల్డర్‌ను అట్టే ఉంచండి. ".మట్" ఫోల్డర్ జోలికి అది రాదు కనుక మీ సెట్టింగులు, పాస్‌వర్డ్ ఫైలు అలాగే ఉంటాయి. మట్‌కు పూర్తిగా స్వస్తి చెబుతున్నట్లయితే వాటిని మీరే తుడిచి, జీమెయిల్ ఖాతాలో ఆ యాప్ పాస్‌వర్డ్‌ను కూడా రద్దు చేయండి.